ఎండింది, వాసన పోయింది... సాల్వెంట్ పోయినట్టేనా?

వడియాలు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. మొదటి రోజు సాయంత్రం మేడ మీదకెళ్ళి ముట్టుకుంటే వడియం గలగలా ఎండినట్టే ఉంటుంది. విరిస్తే లోపల ఇంకా పచ్చి పిండి. తొందరపడి డబ్బాలో పోస్తే వారం తిరక్కుండా బూజు. పైపొర ముందు గట్టిపడి, లోపలి తడి బయటికి వచ్చే దారి మూసేస్తుంది. అంతే.

ఇదే లెక్కని ఇప్పుడు తినే వస్తువు నుంచి పీల్చే వస్తువుకి మార్చి చూద్దాం. ఆస్ట్రేలియాలో 2000ల మొదట్లో 'చాంగా' అనే పేరుతో ఒక పొగమిశ్రమం పుట్టింది. డీఎంటీ అనే భ్రాంతి కలిగించే రసాయనాన్ని ఎండుటాకుల్లోకి ఇంకించి తయారుచేస్తారు. ఆ ఆకుల్లో కొన్ని ఊరికే ఆకులు కావు, వాటికీ మెదడు మీద పని ఉంటుంది. ఆ సంగతి తర్వాత చెప్తాను. మొక్క నుంచి రసాయనాన్ని వేరుచేసేటప్పుడు ఒకసారి, దాన్ని ఆకుల్లోకి ఎక్కించేటప్పుడు ఇంకోసారి ఏదో ఒక సాల్వెంట్, అంటే కరిగించే ద్రవం, వాడతారు. అది పూర్తిగా పోయిందా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుపదార్థాల చట్టం కింద డీఎంటీ నిషిద్ధ పదార్థం. ఆస్ట్రేలియాలోనూ నిషేధమే. 2023 జులై 1 నుంచి అక్కడ అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు కొన్ని జబ్బులకు ఎండీఎంఏ, సైలోసైబిన్ అనే వేరే రెండు మత్తుమందులు రాయొచ్చు. ఆ సడలింపు డీఎంటీకి లేదు. అంటే చాంగాని లైసెన్స్ తీసుకుని తయారుచేసే కంపెనీ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ల్యాబ్ రిపోర్టు లేదు. ఎవరో ఒకరి వంటగదిలో తయారవ్వాల్సిందే.

మనకి చాంగా దూరపు మాటే కావచ్చు. విశాఖ మన్యం నుంచి హైదరాబాద్ దాకా పోలీసులు తరచూ పట్టుకునే 'లిక్విడ్ గంజాయి', అదే హాష్ ఆయిల్, దూరపు మాట కాదు. అదీ సాల్వెంట్‌తో లాగేదే. ప్రశ్న రెండింటికీ ఒకటే.

ఈ విషయంలో రెండు గట్టి నమ్మకాలు కనిపిస్తాయి. "అది ఆవిరయ్యే ద్రవమేగా, ఎగిరిపోతుంది, ఏం కాదు" అనేది ఒకటి. "కెమికల్ చుక్క మిగిలినా ప్రాణం మీదకే" అనేది రెండోది. నా ఉద్దేశంలో రెండూ తప్పే. రెండో తప్పు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని ఒప్పుకోవడమే కష్టం.

సాల్వెంట్ తగిలిన ప్రతిదీ విషమైతే మన వంటింట్లో సగం సరుకు బయట పారెయ్యాలి. తవుడు నూనె, రిఫైన్డ్ సోయా నూనె ఎక్కువగా హెక్సేన్ అనే పెట్రోలియం ద్రవంతోనే తీస్తారు. తర్వాత వేడిచేసి, ఆవిరి పట్టి హెక్సేన్‌ని వెనక్కి రాబడతారు. చివరికి నూనెలో మిగిలేదానికి మన ఆహార భద్రతా నిబంధనల్లో హద్దు 5 పీపీఎం. యూరప్‌లో 1 పీపీఎం. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు, కిలోకి ఒక మిల్లీగ్రాము అనుకోండి. అమెరికాలో కాఫీ గింజల నుంచి కెఫీన్ తీయడానికి డైక్లోరోమీథేన్ వాడితే వేయించిన కాఫీలో 10 పీపీఎం దాటకూడదని లెక్క. వాడకంలో తప్పు లేదు. మిగిలింది ఎంతో కొలిచి చూపించాలి, అంతవరకే.

మందుల కంపెనీలకు ఇది రోజువారీ పని. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్లలో మందుల నాణ్యత పరీక్షించే ఏ కెమిస్టుని కదిపినా ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థ రాసిన క్యూ3సీ పేరు చెప్తారు. 1997లో ఖరారైన ఆ మార్గదర్శకం సాల్వెంట్లని మూడు తరగతులు చేసింది. మొదటి తరగతి, తప్పనిసరైతే తప్ప వాడొద్దన్నవి. అందులో బెంజీన్‌కి హద్దు 2 పీపీఎం, కార్బన్ టెట్రాక్లోరైడ్‌కి 4. రెండో తరగతి, హద్దు పెట్టి వాడుకోమన్నవి. హెక్సేన్ 290, టోల్యుయీన్ 890, మెథనాల్ 3000. మూడో తరగతి, అంతగా భయపడక్కర్లేనివి. ఎసిటోన్, ఇథనాల్, హెప్టేన్ లాంటివి. వీటికి 5000 పీపీఎం దాకా సర్దుకోవచ్చు.

హెక్సేన్ 290, హెప్టేన్ 5000. ఈ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. హెక్సేన్‌లో ఆరు కార్బన్లు, హెప్టేన్‌లో ఏడు. చూడ్డానికి అన్నదమ్ములు. రెండూ నీళ్ళలాగే ఉంటాయి, రెండూ పెట్రోలు వాసనే కొడతాయి. తేడా ఒంట్లోకి వెళ్ళాక బయటపడుతుంది. కాలేయం హెక్సేన్‌ని విరిచి 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారుస్తుంది. దీని రెండు చేతులూ సరిగ్గా నరాల లోపలి ప్రొటీన్లని పట్టుకుని ముడివేసేంత ఎడంలో ఉంటాయి. పొడవైన నరాల్లో రవాణా ఆగిపోతుంది. ముందు కాలివేళ్ళు, తర్వాత చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పట్టు జారిపోతుంది. హెప్టేన్ నుంచి అలాంటి పదార్థం తయారయ్యేది బహు తక్కువ. ఒక్క కార్బన్ తేడాకి పదిహేడు రెట్ల హద్దు.

ఇది పుస్తకంలో లెక్క మాత్రమే కాదు. 1960ల్లో జపాన్‌లో చెప్పులు అతికించే జిగురులోని హెక్సేన్ పీల్చిన పనివాళ్ళు ఇలాగే నడవలేకపోయారు. ఇటలీ చెప్పుల కార్ఖానాల్లోనూ అదే కథ. 2009లో చైనాలోని సూజౌలో ఫోన్ల టచ్ స్క్రీన్లు తుడిచే పనికి ఆల్కహాల్ బదులు హెక్సేన్ తెచ్చారు. అది త్వరగా ఆరిపోతుంది కాబట్టి గంటకి ఎక్కువ స్క్రీన్లు తుడవొచ్చు. 137 మంది కార్మికులు జబ్బుపడ్డారని యాపిల్ కంపెనీయే తర్వాత తన నివేదికలో ఒప్పుకుంది. 'త్వరగా ఆరిపోతుంది' అనే మంచి గుణమే వాళ్ళ కొంప ముంచింది. ఆరిపోయింది అంటే మాయమవలేదు, గదిలో గాలిగా మారి వాళ్ళ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. ఒక గ్రాము ఎండుటాకులో నూటికి ఒక వంతు హెక్సేన్ మిగిలిందనుకోండి. మందుల భాషలో అది 10,000 పీపీఎం, బ్యాచ్ మొత్తం చెత్తబుట్టలోకే. బరువులో చూస్తే 10 మిల్లీగ్రాములు. క్యూ3సీ ప్రకారం రోజూ జీవితాంతం తీసుకున్నా ఫర్వాలేదన్న మోతాదు 2.9 మిల్లీగ్రాములు. అంటే మూడున్నర రెట్లు దాటింది. అటు కార్ఖానా వైపు చూడండి. పని చేసేచోట గాలిలో, ఈసారి బరువు కాకుండా పరిమాణం లెక్కన, 50 పీపీఎం హెక్సేన్ ఉంటే, అంటే ఘనపు మీటరుకి 176 మిల్లీగ్రాములు, ఒక షిఫ్టులో మనిషి సుమారు పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. లోపలికి వెళ్ళేది 1,700 మిల్లీగ్రాముల పైమాటే. ఆ 50 పీపీఎం అమెరికా పరిశ్రమల ఆరోగ్య నిపుణుల సంఘం సరేనన్న హద్దే. నరాలు దెబ్బతిన్నవాళ్ళు అంతకన్నా ఎక్కువే పీల్చారు, అదీ నెలల తరబడి.

కాబట్టి ఒక్కసారి పొగ పీలిస్తే అందులో మిగిలిన హెక్సేన్‌తో కాళ్ళు పడిపోతాయి అనడం అతిశయోక్తి. నిజం చెప్పకపోతే ఈ వ్యాసం మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు. కానీ ఈ లెక్క ఒక పెద్ద ఊహ మీద నిలబడింది. సీసాలో ఉన్నది హెక్సేనే, హెక్సేన్ తప్ప ఇంకేమీ కాదు అన్న ఊహ. అసలు చిక్కుముడి అక్కడుంది.

మందుల కంపెనీకి వచ్చే డ్రమ్ముతో పాటు ఒక సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని నమ్మకుండా వీళ్ళు మళ్ళీ పరీక్ష చేస్తారు. వంటగదికి వచ్చేది హార్డ్‌వేర్ షాపు సీసా. పెయింట్ థిన్నర్, లైటర్‌లో పోసే ద్రవం, స్టవ్ ఇంధనం, ఇవేవీ ఒక్క పదార్థం కావు. ముడి చమురుని మరిగించి వేరుచేసేటప్పుడు ఫలానా ఉష్ణోగ్రతల మధ్య దిగిన మిశ్రమాలు. హెక్సేన్ 69 డిగ్రీల దగ్గర మరుగుతుంది, హెప్టేన్ 98 దగ్గర, టోల్యుయీన్ 111 దగ్గర. ఒకే సీసాలో ఇవన్నీ ఉండొచ్చు. బెంజీన్ కూడా కాస్త ఉండొచ్చు. తేలికవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి వెనకబడతాయి. చారు మరిగినకొద్దీ ఉప్పు ఎక్కినట్టు, అసలే ఆవిరి కానివి చివర్న పోగవుతాయి. తుప్పు పట్టకుండా కలిపినవి, రంగు, డబ్బా లోపలి పూత నుంచి దిగినవి, ప్లాస్టిక్ గొట్టం నుంచి ఊడినవి. తయారీదారుడు వీటిని లేబుల్ మీద రాయడు. రాయాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే అది రంగులు పల్చన చెయ్యడానికి అమ్మిన సరుకు, మనిషి పీల్చడానికి కాదు. వచ్చే నెల కంపెనీ ఫార్ములా మార్చినా ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఈ 'గ్రేడు' అనే మాట విలువ ఎంతో మన దేశంలో ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నాం. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవం దొరికింది. మందులో ఉండాల్సిన ద్రావకం చోట చౌకరకం పారిశ్రామిక సరుకు దూరితే జరిగేది అది. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. చేతులకి రాసుకునేది, గొంతులో పోసుకునేది రెండూ 'ఆల్కహాలే' అనుకున్నారు. పేరు ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటి కాదు.

డైక్లోరోమీథేన్ లాంటి క్లోరిన్ సాల్వెంట్లది ఇంకో రకం తలనొప్పి. ఒంట్లోకి వెళ్ళాక అది కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మంట తగిలితే ఘాటైన ఆమ్ల వాయువులు, కొద్దిగా ఫాస్జీన్ అనే విషవాయువు కూడా పుట్టొచ్చు. పైగా అది ఊరికే అతిథిలా వచ్చి వెళ్ళే రకం కాదు. డీఎంటీతోనే చర్య జరిపి కొత్త పదార్థంగా మారుతుందని రసాయన శాస్త్రజ్ఞులు 2018లో ప్రచురించారు. ఎండబెడితే పోవడానికి అది ఇక సాల్వెంట్ కాదు, సరుకులో భాగం.

"కాలిపోతుందిగా" అనేవాళ్ళూ ఉన్నారు. అన్నీ కాలవు. నిప్పు అంచు వెనకాల ఆకు కాలదు, వేడెక్కుతుంది. అక్కడున్న ఆవిరయ్యే ద్రవం కాలకుండా ముందే లేచి, పొగతో కలిసి నేరుగా లోపలికి వెళ్తుంది. ఆవిరి కానిది సన్నని తుంపరగా మారి పొగతోనే ప్రయాణం చేస్తుంది.

ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చాం కాబట్టి కిరసనాయిలు గుర్తుచేసుకోవాలి. మంచినీళ్ళనుకుని పసివాడు కిరసనాయిలు తాగితే వాంతి చేయించొద్దని డాక్టర్లు ఎన్నేళ్ళుగానో చెప్తున్నారు. కడుపులో అది చేసే హాని తక్కువ. వాంతిలో నాలుగు చుక్కలు శ్వాసనాళంలోకి జారితే మాత్రం పల్చటి నూనె కాబట్టి చటుక్కున పాకిపోయి, గాలిగదుల లోపలి పొరని పాడుచేసి నిమోనియా తెస్తుంది. ఒకే పదార్థం, దారి మారితే ఫలితం వేరు. మింగినదాన్ని పేగు, కాలేయం కాస్త చూసి పంపిస్తాయి. ఊపిరితిత్తికి ఆ కాపలా లేదు. సుమారు 70 చదరపు మీటర్ల పల్చటి పొర, అవతల రక్తం.

2019లో అమెరికా ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకుంది. గంజాయి నూనెతో నడిచే వేపింగ్ పెన్నులు వాడిన కుర్రాళ్ళు ఆయాసంతో ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. అనుమానం మొదట్లో సాల్వెంట్లు, పురుగుమందుల దాకా అన్నిటి మీదా పడింది. చివరికి ముఖ్య దోషిగా దొరికింది విటమిన్ ఈ ఎసిటేట్. సరుకు చిక్కగా కనిపించాలని బ్లాక్ మార్కెట్ వాళ్ళు కలిపారు. మొదట పరీక్షించిన 29 మంది రోగుల ఊపిరితిత్తుల ద్రవంలోనూ అది ఉంది. చర్మానికి రాసుకునే క్రీముల్లో, మింగే బిళ్ళల్లో ఏళ్ళ తరబడి ఉన్న పదార్థమే. 'ఫుడ్ గ్రేడ్' అనే మాటకి ఊపిరితిత్తిలో విలువ లేదు.

సరే, పరీక్ష చేసి చూసుకుంటే పోలేదా? మందుల ల్యాబులో దీనికి గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ ఉంటుంది, అందరూ జీసీ అంటారు. నమూనాని చిన్న సీసాలో మూతబిగించి వేడిచేస్తారు. పైన చేరిన ఆవిరిని సూదితో లాగి యంత్రంలోకి పంపుతారు. రసం గిన్నె మూత తీయగానే మనకి మొహాన కొట్టే ఆవిరి లాంటిదే, కాకపోతే యంత్రం అందులో ఏముందో, ఎంతుందో విడివిడిగా చెప్తుంది. ఇంట్లో ఆ పని చేసేది ముక్కు. ముక్కు మొదటి రెండు నిమిషాలు బాగానే పనిచేస్తుంది, తర్వాత అలవాటుపడిపోతుంది. పెట్రోలు బంకులో పనిచేసేవాళ్ళని అడగండి, మొదటి వారం తర్వాత వాళ్ళకి వాసనే తెలియదు. ఘాటైన ఆకుల వాసన మధ్యలో వందల పీపీఎం పట్టడం అసలే కుదరదు. అంటించి చూస్తే మంట రంగు చెప్తుంది, గాజు మీద మరక మిగలకపోతే శుభ్రం అనే చిట్కాలూ అంతే.

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 2022 జులైలో క్యాన్‌టెస్ట్ అనే కేంద్రం తెరిచారు. ఎవరైనా తమ దగ్గరున్న మత్తుపదార్థం తెస్తే, కేసు పెట్టకుండా, అందులో ఏముందో పరీక్షించి చెప్తారు. మంచి పనే అంటాను, పేరు ఒకటి సరుకు ఇంకోటి అయినప్పుడు ప్రాణాలు నిలుస్తాయి. కానీ ఇలాంటి కేంద్రాల్లో ముందు వరసలో ఉండే, పరారుణ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే ఎఫ్‌టీఐఆర్ యంత్రం సుమారు 5 శాతం కన్నా తక్కువున్నదాన్ని సాధారణంగా పట్టుకోలేదు. 5 శాతం అంటే 50,000 పీపీఎం. బెంజీన్ హద్దు 2 పీపీఎం అని పైన చూశాం. ఆ యంత్రంతో పరీక్ష చేయించుకున్న ఆకులో కూడా సాల్వెంట్ సంగతి తేలలేదన్నమాట.

ఇక ముందు దాటేసిన ఆకుల సంగతి. అమెజాన్ అడవుల్లో ఆయవాస్కా అనే కషాయంలో వాడే తీగలోని హార్మలా ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు చాంగాలోనూ కనిపిస్తాయి. డీఎంటీని ఒళ్ళు త్వరగా విరగ్గొట్టకుండా ఇవి అడ్డుపడతాయి. అదే అడ్డు డిప్రెషన్‌కి వాడే చాలా మందులతో కలిస్తే మెదడులో సంకేతాలు మోసే సెరటోనిన్ మోతాదు మించి జ్వరం, వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, ప్రాణాపాయం దాకా పోవచ్చు. సాల్వెంట్ మిగిలిందా అని గంటలు వాదించుకునేవాళ్ళు రోజూ వేసుకునే మాత్ర గురించి ఒక్కసారి కూడా ఆలోచించకపోవడం నాకు వింతగా ఉంటుంది. గుండెజబ్బు, బీపీ, ఇంట్లో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకి డీఎంటీ ఒక్కటే చాలు ప్రమాదానికి, సాల్వెంట్ సాయం అక్కర్లేదు.

మంట కూడా ఉంది. హెక్సేన్ ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి పక్క గదిలో ఉన్న స్టవ్ దాకా వెళ్తుంది. గాలిలో 1.1 శాతం చేరితే అంటుకోవడానికి చాలు. మైనస్ 22 డిగ్రీల దగ్గర కూడా అంటుకునే ఆవిరి ఇస్తుంది, మన ఏప్రిల్ సంగతి చెప్పక్కర్లేదు. 2023 నవంబరులో హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. అక్కడ మత్తుపదార్థాల ఊసే లేదు. ఇళ్ళ మధ్య అలాంటి ద్రవాలు ఉండటమే చాలింది. అమెరికాలో బ్యూటేన్‌తో ఇంట్లో హాష్ ఆయిల్ తీయబోయి కాలినవాళ్ళని చూడటం కాలిన గాయాల వార్డుల్లో మామూలైపోయింది. మిగిలిపోయిన సాల్వెంట్ కన్నా ఎగిరిపోయే సాల్వెంటే ముందు మనిషిని పట్టుకుంటుంది.

ఎవరైనా ఇలాంటిది పీల్చి ఆయాసం, ఆగని దగ్గు, ఛాతీ నొప్పి, విపరీతమైన జ్వరం, స్పృహ తప్పడం లాంటివి వస్తే 108కి ఫోన్ చెయ్యాలి. దిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800-116-117 రోజంతా పలుకుతుంది. మానలేక ఇబ్బంది పడేవాళ్ళకి 14446. కేసవుతుందనే టెన్షన్‌లో ఇంటివాళ్ళు "ఏదో పడలేదండీ" అని దాచేస్తుంటారు. డాక్టరుకి మాత్రం పీల్చింది ఏమిటో, రోజూ వేసుకునే మందులేమిటో, వీలైతే వాడిన సీసా ఏదో చెప్పాలి. హెక్సేన్ దెబ్బ అయితే పీల్చడం ఆపేశాక కూడా కొన్ని వారాలపాటు తిమ్మిరి ముదురుతూనే ఉంటుంది. సంగతి తెలియని డాక్టరు అప్పుడు షుగరు పరీక్షలు, బీ12 పరీక్షలు రాసుకుంటూ కూర్చుంటాడు. ఆ సీసా లేబుల్‌కి ఫోన్‌లో ఒక ఫోటో తీసి వెంట పట్టుకెళ్ళినా చాలు.